ఏడో పలక మీద పదకొండో చిల్లు

కిందటి వారం సైమాని మనం శనివారం సాయంత్రం, తుపాకి తుడుచుకుంటూ ఏడుపు దిగమింగుకుంటున్న చోట వదిలాం. రెండు రోజుల శిక్షణ శిబిరంలో మొదటి రోజు ముగిసింది. గురి తప్పని గురికాళ్లకిచ్చే బ్యాడ్జీ కావాలంటే నూటికి తొంభై రావాలి. పదిహేనేళ్ల సైమా రింటాలకి అది కొద్దిలో తప్పిపోయింది.

తండ్రి ఆర్వో రింటాల ఊరుకునే మనిషా? ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. ఒకప్పుడు ఈ ఉత్తర మిషిగన్ జిల్లాలన్నిటిలో పేరు మోసిన గురికాడు. భోజనాల బల్లని అరచేత్తో చరిచి, "రేపు మా అమ్మాయి కొడుతుంది, చూస్తూ ఉండండి. దాని పక్కనే నేనూ పడుకుని కొడతాను" అని అందరికీ వినపడేలా అనేశాడు. రెండేళ్లుగా నలుగురిలో తుపాకి పట్టని మనిషి ఆ మాట అనేసరికి బల్ల చుట్టూ ఈలలు మోగాయి. ఆ సందడిలో ఆయన కాఫీ వంచుకుంటే అది కప్పు పక్కన, బల్ల మీద పడింది. "గాలి" అన్నాడు ఆర్వో. గాలి లేదు. ఆ సంగతి సైమా ఒక్కతే గమనించింది.

ఆదివారం పొద్దున సగం శిబిరం ఆర్వో పసుపుపచ్చ బస్సులోనే దిగింది. తల్లులు, తండ్రులు, పిల్లలు, ఒళ్ళో పొడుగాటి తుపాకి సంచులు, కాళ్ళ మధ్య కాఫీ ఫ్లాస్కులు. పాత రాగి గని తవ్విపోసిన రాళ్ళ గుట్ట కిందే వాళ్ళ మైదానం. గురి పలకలు దాటిన తూటాలు వెళ్ళి ఆ గుట్టలో దిగబడతాయి. మేపుల్ చెట్లు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. ఆర్వో తల్లి లెంపి మాంసం, దుంపలు కూరిన వేడివేడి పేస్టీలు కాగితాల్లో చుట్టి అమ్మకానికి పెట్టింది. ఏలకుల రొట్టె మాత్రం ఎవరికీ అమ్మదు, ఇష్టమైనవాళ్ళకే కోసి ఇస్తుంది. సైమా తల్లికి వృద్ధాశ్రమంలో ఆదివారం డ్యూటీ, అందుకని రాలేదు.

శిబిరం నడిపేది రోజ్ డుఫోర్. అరవై దాటిన మనిషి, ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు ఆవిడదే. మైకు అక్కర్లేని గొంతు.

"ఆఖరి వరస! కుటుంబాలు పక్కపక్కన. పది గుళ్ళు. అయిదు కొట్టాక గుళ్ళ మ్యాగజైన్ మార్చుకోవాలి, మళ్ళీ అయిదు. తొందరపడినవాడు గుట్టకి మేత వేస్తాడు, గుర్తుంచుకోండి. ఊపిరి పూర్తిగా వదలండి. వదిలాక ఒక్క క్షణం ఆగండి. ట్రిగ్గర్ లాగొద్దు, నిమ్మకాయ పిండినట్టు మెల్లిగా పిండండి."

సైమాకి ఏడో నంబరు చోటు వచ్చింది. కుడివైపు ఎనిమిదో నంబరులో తండ్రి. ఎడమవైపు ఆరో నంబరులో తొమ్మిదేళ్ల టెస్ కోస్కి. ఆ పిల్ల తుపాకి పట్టడం ఈ శిబిరంలోనే మొదలు. తల్లి బ్రెండా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి జడ చెవి మూతల్లో ఇరుక్కోకుండా సర్దుతోంది.

"సైమక్కా, నాకు కడుపులో ఏదోలా ఉంది" అంది టెస్.

"నాకూ అంతే. పర్లేదు, పడుకున్నాక అది నేల మీదకి జారిపోతుంది."

"నిజంగానా?"

"చూడు నువ్వే."

అందరూ బోర్లా పడుకున్నారు. సైమా తోలు పట్టీని మోచేతికి బిగించింది, తుపాకిని భుజానికి ఆనించింది, కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేసి, మళ్ళీ తెరిచినప్పుడు గురి దానంతట అదే పలక మీద ఉండాలి. లేకపోతే చేతుల్ని కాదు, ఒంటినే జరుపుకోవాలి. తండ్రి నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. కళ్ళు తెరిచింది. పలక నడిమి నల్లని వృత్తం నిశ్చలంగా, గొట్టం కొసనున్న గురిముల్లు మీద గుండీ కుట్టినట్టు కూర్చుని ఉంది.

"కొట్టండి!" అంది రోజ్.

మొదటి అయిదూ సైమా చేతుల్లోంచి కాకుండా ఇంకెక్కణ్ణుంచో వెళ్ళినట్టు వెళ్ళాయి. ఒక్కొక్కటి వదిలినప్పుడల్లా అది ఎక్కడ పడిందో లోపల తెలుస్తూనే ఉంది. మధ్యలో. మధ్యలో. కాస్త పైన. మధ్యలో. కాస్త ఎడమకి. ఖాళీ మ్యాగజైన్ తీసి రెండోది తొడుగుతూ తల కొంచెం కుడివైపు తిప్పింది.

తండ్రి కూడా అప్పుడే తొడిగి, మళ్ళీ సర్దుకుంటున్నాడు. ఆయన తుపాకి గొట్టం ఎనిమిదో పలక వైపు లేదు. ఏటవాలుగా ఎడమకి, సైమా పలక వైపు తిరిగి ఉంది. సైమా కేక వెయ్యబోయేలోపే పేలింది. ఆర్వో భుజం ఒక్కసారి బిగుసుకుంది. తల ఎత్తి, మెడ వంచి, చీకట్లో స్విచ్ కోసం తడుముతున్న మనిషిలా పలకల వైపు చూశాడు. తర్వాత తుపాకిని కుడివైపు జరుపుకున్నాడు.

సైమా మిగిలిన అయిదూ ఎలా కొట్టిందో ఆ పిల్లకే తెలీదు. రెండేళ్ల అలవాటు ఒంటిని నడిపించింది. మనసు మాత్రం ఆ గొట్టం దగ్గరే ఉండిపోయింది.

"ఆపండి! తుపాకులు కింద. బోల్టులు తెరిచి పెట్టండి. ఎవరూ ముట్టుకోవద్దు." రోజ్ ఒక్కొక్క తుపాకినీ వంగి చూసుకుంటూ వరసంతా నడిచింది. "సరే. పదండి."

అందరూ గుట్ట వైపు నడిచారు. గడ్డిలో మాటలు, నవ్వులు. సైమా అందరికన్నా వెనక నడిచింది.

ఏడో పలక మీద పదకొండు చిల్లులున్నాయి.

పది ఒకచోటే గుంపుగా, దగ్గరదగ్గరగా. ఒక్కటి మాత్రం కిందికి, కుడి అంచుకి విడిగా పడి ఉంది, విందుకి పిలవకుండా వచ్చిన చుట్టంలా.

రోజ్ కళ్ళజోడు సవరించుకుంది. "పదకొండా? పది గుళ్ళిచ్చానే నీకు." పలకకి ఇటూ అటూ చూసింది. "ఎవరో పక్క పలక మీద కొట్టారు. జరుగుతూ ఉంటుంది. ఎవరిదో చెప్పేస్తే దాన్ని తీసేస్తాను. ఎవరిదీ కాదంటే మన నియమం మీకు తెలుసు. పలకలో అన్నిటికన్నా మంచి గుండుని లెక్కలోంచి కొట్టేస్తాను."

ఎవరిదో తేలితే సైమాకి తొంభై ఒకటి. తేలకపోతే మంచి గుండు పోయి, ఆ అంచు చిల్లు లెక్కలోకి వచ్చి, ఎనభై ఏడు. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ లెక్క మనసులోనే వేసేసుకున్నారు.

"ఆర్వో, నీ పలక మీద తొమ్మిదే ఉన్నాయి" అంది రోజ్.

ఆర్వో టోపీ కిందికి లాక్కున్నాడు. "రెండు ఒకే చిల్లులోంచి వెళ్ళాయి. మధ్యలోది చూడు, అంచు చిరిగి ఉంది."

రోజ్ చూసింది. చిరిగినట్టూ ఉంది, చిరగనట్టూ ఉంది. ఆర్వో రింటాల మాటని ఈ మైదానంలో ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు. ఆవిడ ఆరో పలక వైపు తిరిగింది. "టెస్, నీకు ఎనిమిదే ఉన్నాయి బంగారం. మిగిలిన రెండు ఎటు వెళ్ళాయో తెలుసా?"

టెస్ ముఖం ఎర్రబడింది. తల్లి వైపు చూసింది, సైమా వైపు చూసింది.

"నాదేనేమో" అంది. "నాకు తెలీదు. అక్క పలక మీద కొట్టానేమో. నేను కావాలని కొట్టలేదు." కళ్ళలోంచి నీళ్ళు టపటపా రాలాయి.

"అయ్యో, ఎవరైనా ఏమన్నారా నిన్ను? ఊరుకో తల్లీ" అంది బ్రెండా దగ్గరికి లాక్కుంటూ. కానీ బ్రెండా ముఖమూ చిన్నబోయింది. పక్క పలక మీద కొట్టడమంటే ఆ శిబిరంలో చిన్న విషయమేం కాదు. తుపాకి ఎటు తిరిగి ఉందో తెలియకుండా ట్రిగ్గర్ నొక్కినట్టు లెక్క. వచ్చే నెల శిబిరంలోకి ఆ పిల్లని రానివ్వకపోవచ్చు.

"సరే, తేలిపోయింది" అంది రోజ్ మెత్తగా. "నిజం చెప్పావు, అదే పెద్ద విషయం. సైమా, నీకు తొంభై ఒక్క..."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. సైమా తండ్రి వైపు చూసింది. ఆయన గుట్ట వైపు చూస్తున్నాడు. దవడ మీద కండ కదులుతోంది, నోరు మాత్రం కదలడం లేదు.

ఇన్నాళ్లూ కలలోకి వచ్చిన గుడ్డముక్క, పిడికెడంత ఎర్రటి బ్యాడ్జీ, రోజ్ జేబులోంచి సగం బయటికొచ్చింది. తీసుకుంటే చాలు. తండ్రి గుట్టు దాగిపోతుంది, తన ముచ్చట తీరుతుంది. టెస్ రేపటికి మర్చిపోతుంది. అందరికీ బాగుంటుంది. ఒక్క ఏడుస్తున్న పిల్లకి తప్ప.

"అది టెస్‌ది కాదు, రోజ్ ఆంటీ" అంది సైమా.

చప్పట్లు ఆగిపోయాయి.

"కాదని నీకెలా తెలుసు?"

"తెలుసు."

"అయితే ఎవరిది?"

"అది నేను చెప్పను. కానీ టెస్‌ది మాత్రం కాదు. మీరు నా మంచి గుండు కొట్టేయండి."

"పిచ్చిపిల్లా, ఎనభై ఏడుకి పడిపోతావు!"

"పడిపోనివ్వండి."

రోజ్ చాలాసేపు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. కొట్టులో మేకులు తూచే మనిషి చూపు అది. ఏదో అర్థమయినట్టే ఉంది, బయటికి మాత్రం అనలేదు. బ్యాడ్జీ మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. "సరే. కాఫీ తాగండి అందరూ. మిగతా లెక్కలు తర్వాత."

ఆర్వో అప్పటికే బస్సు వైపు నడుస్తున్నాడు.

*

బస్సు మెట్టు మీద కూర్చుని బూట్ల మట్టి కర్రపుల్లతో గీరుతున్నాడు. సైమా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏం పని చేశావు అక్కడ?" అన్నాడు తలెత్తకుండా. "చేతికొచ్చిన దాన్ని కాలదన్నుకున్నావు. ఇంత పొగరేంటే నీకు?"

"మీ దగ్గర్నుంచే వచ్చింది."

"ఆ చిన్నపిల్ల నాదేనేమో అంది కదా!"

"అది భయపడి అంది. నేను చూశాను నాన్నా. మ్యాగజైన్ మార్చుకుంటూ చూశాను."

పుల్ల ఆగింది.

"చూసి?" అన్నాడు.

"మీ గొట్టం నా పలక మీద ఉంది."

"ఒక్కసారి జారింది, అంతే. ఎవరికైనా జారుతుంది. వయసు..."

"నిన్న కాఫీ జారింది. మొన్న పోస్టు డబ్బాకి బస్సు అద్దం తగిలింది, అమ్మతో ఉడత అడ్డం వచ్చిందన్నారు. పలకల మీద నంబర్లు నన్ను చదవమన్నారు, 'నీ కళ్ళు పరీక్ష చేస్తున్నా' అని. ఎవరి కళ్ళు నాన్నా పరీక్ష చేశారు?"

ఆర్వో లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. ఆ ఎత్తుకి స్కూలు పిల్లలందరూ బస్సులో గప్‌చిప్‌గా కూర్చుంటారు. "నోరు ముయ్యి సైమా. నన్ను నిలదీసేంత దానివయ్యావా? ఇరవై ఏళ్ళ పైబడి నడిపానీ బస్సు. మంచులో నడిపాను, పొగమంచులో నడిపాను. ఒక్క పిల్ల మోకాలు గీరుకుపోలేదు!"

"అవును. అందుకే ఈ ఊళ్ళో మిమ్మల్ని చూసి తలుపులు తీస్తారు. ఇంకాసేపట్లో ఇదే బస్సులో అందరూ ఎక్కుతారు. టెస్ ఎక్కుతుంది. మీ వెనక సీటే దానిది, మీకు పాటలు పాడి వినిపించాలని." సైమా ఆగలేదు. "నాకు తుపాకి మొదటిసారి చేతికిచ్చినప్పుడు ఏం చెప్పారు? గుండు వదలగానే అది ఎక్కడ పడిందో ఇంకెవరూ చెప్పకముందే నువ్వు చెప్పాలన్నారు. మంచిదైనా, చెడ్డదైనా. చెప్పలేనివాడు తుపాకి పట్టకూడదన్నారు. మీకు తెలీలేదా నాన్నా, అది ఎక్కడ పడిందో?"

ఆర్వో మళ్ళీ మెట్టు మీద కూర్చుండిపోయాడు. కోపం దిగిపోయాక ఆయన ముఖం ఎంత అలిసిపోయి ఉందో కనిపించింది.

"తెలిసింది" అన్నాడు. "వదిలిన క్షణంలోనే తెలిసింది."

సైమా పక్కన చోటు చేసుకుని కూర్చుంది. కాఫీ బల్ల దగ్గర నవ్వులు దూరంగా వినపడుతున్నాయి.

"కుడి కన్ను" అన్నాడు ఆర్వో. "మధ్యలో బూడిదరంగు మచ్చ. ఎటు చూస్తే అటు వచ్చి కూర్చుంటుంది. నిన్ను చూస్తే నీ చెవులు కనపడతాయి, జుట్టు కనపడుతుంది, ముఖం ఉండదు. మొదట్లో బస్సు అద్దం మురికనుకుని తుడిచేవాణ్ణి. పోయిన నెల పట్నంలో కంటి డాక్టరుకి చూపించాను. బస్సు ఆపెయ్యమన్నాడు. ఎడమ కన్ను బాగానే ఉంది కదా, మంచు పడేదాకా నెట్టుకొద్దామనుకున్నాను. ఇవాళ నీ పక్కన ఒక్కసారి పడుకుని కొడితే చాలనుకున్నాను. ఆఖరిసారి. ఒంటి అలవాటు మీద తొమ్మిది సరిగ్గానే వెళ్ళాయి, చూశావా?"

"చూశాను. చక్కగా వెళ్ళాయి."

"బస్సు దిగితే ఈ ఊళ్ళో నేనేంటో నాకు తెలీదమ్మా."

"ఈ ఊళ్ళో అందరికన్నా బాగా తుపాకి నేర్పేది మీరే. నేర్పడానికి మీకు నా పలక కనపడక్కర్లేదు. నేను ఊపిరి ఎక్కడ ఆపానో విని చెప్పేస్తారు."

ఆర్వో నవ్వలేదు గానీ, ముక్కుతో గట్టిగా గాలి వదిలాడు. తర్వాత జేబులోంచి బస్సు తాళాల గుత్తి తీసి అరచేతిలో బరువు చూశాడు.

"రా" అన్నాడు. "పక్కన నడువు. చెయ్యి పట్టుకోవద్దు."

*

కాఫీ బల్ల దగ్గర అందరూ ఉన్నారు. ఆర్వో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన టోపీ తీయడం చర్చిలో తప్ప ఎవరూ చూడలేదు, అందుకే మాటలు వాటంతట అవే ఆగిపోయాయి.

"రోజ్, ఏడో పలక మీద ఆ అంచు గుండు నాది" అన్నాడు. "రెండు ఒకే చిల్లులోంచి వెళ్ళాయని అబద్ధం చెప్పాను. నా కుడి కన్ను పోయింది. డాక్టరు నెల కిందటే బస్సు మానెయ్యమన్నాడు. నేను మానలేదు. పొద్దున మిమ్మల్నందర్నీ అందులోనే తీసుకొచ్చాను."

గాలికి పేస్టీల కాగితాలు రెపరెపలాడాయి.

ఆర్వో టెస్ ముందుకొచ్చి, ఒక మోకాలు నేలకి ఆనించాడు. "నా తప్పు నీ నెత్తిన పడుతుంటే ఊరుకున్నానమ్మా. పెద్దవాణ్ణయ్యుండి సిగ్గుపడాల్సిన పని చేశాను. నీ గుళ్ళు ఎవరి పలక మీదకీ వెళ్ళలేదు. మిగిలిన రెండూ గుట్టలో ఉన్నాయి."

టెస్ ముక్కు తుడుచుకుంది. "అయితే నాకు ఎనిమిదే తగిలాయా?"

"ఎనిమిది."

"మొదటిసారికి ఎనిమిది మంచిదేనా?"

"నాకు మొదటిసారి అయిదే తగిలాయి."

టెస్ తల్లి వైపు విజయగర్వంతో చూసింది. కొందరు నవ్వేశారు. బ్రెండా మాత్రం నవ్వలేదు. చలికాలంలో రోడ్ల మీద మంచు తీసే పెద్ద బండి నడిపే మనిషి ఆవిడ, చేతులు మగవాడి చేతుల్లా ఉంటాయి. మెల్లగా ముందుకొచ్చింది.

"నెల రోజులు" అంది. "నెల రోజులుగా నా పిల్లని రోజూ నీ బస్సెక్కించి చెయ్యి ఊపాను, ఆర్వో."

"అవును."

"నువ్వు తిరిగి చెయ్యి ఊపేవాడివి. నన్ను చూసే ఊపావా అసలు?"

"నీ ఎర్ర కోటు చూసి."

బ్రెండా పళ్ళు బిగించింది. "నా కోపం ఎంతుందో ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు. రేపు మీ ఇంటికొచ్చి చెప్తాను. తలుపు తియ్యి."

"తీస్తాను."

"తాళాలియ్యి. అందర్నీ నేను దింపుతాను."

ఆర్వో తాళాల గుత్తి ఆవిడ చేతిలో పెట్టాడు. బ్రెండా వెనక్కి తిరగబోయి ఆగింది. "ఇందరి ముందు ఈ మాట నేనైతే చెప్పగలిగేదాన్నో లేదో తెలీదు" అంది, ఎవరితోనో తెలియనట్టు, కాస్త కటువుగానే. "అదీ రేపు చెప్తాను."

అప్పుడు రోజ్ గొంతు సవరించుకుంది. "ఇక్కడ ఎవరూ ఏడవకండి, లెంపి రొట్టె ఉప్పగా అయిపోతుంది. సైమా రింటాల, ఇలా రా. అంచు గుండు ఎవరిదో తేలింది. తీసేశాను. తొంభై ఒకటి." జేబులోంచి బ్యాడ్జీ తీసింది. "నేను ఇరవై ఏళ్ళుగా ఇస్తున్నాను వీటిని. తొంభై కొట్టినవాళ్ళు చాలామంది వచ్చారు. చేతికొచ్చిన తొంభై ఒకటిని వద్దన్న మనిషిని ఇవాళే చూశాను. ఆర్వో, ఇది నువ్వు పెట్టు."

"నా చేతులు..."

"నీ కన్ను పోయింది గానీ చేతులకేమైంది? పెట్టు."

ఆర్వో పెద్ద వేళ్ళు కూతురి చొక్కా మీద చోటు వెతుక్కున్నాయి. గుండె పైన, భుజం కింద. పిన్ను ఒకసారి జారింది. సైమా కదలకుండా నిలబడింది, ఊపిరి పూర్తిగా వదిలి ఆగినట్టు. రెండోసారికి పిన్ను దిగింది. బ్యాడ్జీ కొంచెం వంకరగా కూర్చుంది.

"ఉండు, సర్దుతా" అంది రోజ్.

"వద్దాంటీ" అంది సైమా, చేత్తో మూసుకుని. "ఇలాగే బాగుంది."

ఈసారి చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లలో ఆర్వో టోపీ మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయి, పొడుగ్గా, నిటారుగా నిలబడి ఉన్నాడు. మైదానం మీద ఆయన్ని గెలుచుకున్న ఎన్నో కప్పులతో చూసినవాళ్ళున్నారు. ఇంత గర్వంగా చూసినవాళ్ళు లేరు. తండ్రిని చూస్తుంటే సైమాకి, ఈ మనిషి మా నాన్న అని గుట్ట ఎక్కి అరవాలనిపించింది.

*

జనం తుపాకులు సంచుల్లో సర్దుకుంటున్నారు. బ్రెండా డ్రైవరు సీటులో కూర్చుని అద్దాలు తనకి తగ్గట్టు తిప్పుకుంటోంది. బస్సు మెట్టు దగ్గర లెంపి రెండు రొట్టె ముక్కలు కోసి కొడుక్కీ మనవరాలికీ చెరొకటి ఇచ్చింది. కొడుకు గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"మీ నాన్నకీ ఇలాగే మొదలైంది రా" అంది. "ఆఖర్లో నా వంట వాసన పట్టుకుని ఇల్లు చేరేవాడు. గని పేలుళ్ళ పొగ వల్ల అన్నారు. నువ్వు గనిలోకి ఎప్పుడూ దిగలేదే మరి?"

ఆర్వో రొట్టె కొరకలేదు. చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"గని వల్ల కాదమ్మా" అన్నాడు.

"మరి?"

ఆయన సైమా వైపు తిరిగాడు. బస్సు దగ్గర నిజం చెప్పినప్పటికన్నా, అందరి ముందు టోపీ తీసినప్పటికన్నా ఇప్పుడు ఎక్కువ భయపడుతున్నట్టు కనిపించాడు.

"బస్సు కోసం దాచానని నీకు చెప్పాను కదా. అది సగమే. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు." ఒక్కొక్క మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి పెడుతున్నాడు. "ఇది రక్తంలోనే ఉందట. నాన్న నుంచి నాకొచ్చింది. నా నుంచి... రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. కొందరికి నీ వయసులోనే మొదలవుతుందట. ఒక కన్ను రెండోదాని లోపం కప్పేస్తుంది, అందుకని చాలాకాలం తెలియదట. నిన్ను తీసుకురమ్మన్నాడు. నెలైంది. ఆ మాట నోట్లోంచి రాలేదమ్మా నాకు."

లెంపి చెయ్యి మనవరాలి వీపు మీదకి వచ్చింది.

సైమా రొట్టె ముక్క బస్సు మెట్టు మీద పెట్టింది. తండ్రికి సరిగ్గా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడింది. ఎడమ అరచేత్తో ఎడమ కన్ను గట్టిగా మూసుకుంది. కుడి కంటితో ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"ఏం కనపడుతోంది తల్లీ?" అన్నాడు ఆర్వో.

సైమా చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుంది, ఎడమ కంటితో ఒకసారి చూసింది, మళ్ళీ ఎడమ కన్నే మూసుకుంది.